ఆశీర్వాదం చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్

సత్యవేదం అన్నయ్యకి ఒక చెడ్డ అలవాటుంది. భోజనానికి పిలిస్తే వస్తాడు, చెప్పులు విప్పుతాడు, కానీ కూర్చోడు. తిన్నగా కరెంటు బోర్డు దగ్గరికెళ్ళి దానికి చెవి ఆనిస్తాడు. "లోపల ఎక్కడో స్క్రూ వదులైందమ్మా, సన్నగా గుర్రుమంటోంది" అని ఇల్లాలికి చెప్పి, అప్పుడు చేతులు కడుక్కుంటాడు. మొదటిసారి మా ఆవిడ మోనికా హడలిపోయి ఆ రోజంతా ఏసీ వేయనివ్వలేదు. జూలై నెల, దోహా. నేను ఆయన్ని ఎన్ని మాటలనుకున్నానో దేవుడికే తెలుసు. మర్నాడు ఆయనే స్క్రూడ్రైవరు పట్టుకొచ్చి బోర్డు విప్పి చూపించాడు. స్క్రూ వదులుగానే ఉంది.

ఆయన ఊరు పాలకొల్లు దగ్గర, కాలవ గట్టు మీద. వయసు యాభై రెండు. ఇరవై నాలుగేళ్ళుగా ఖతార్‌లో ఎలక్ట్రీషియన్. ఇప్పుడు ఫోర్‌మన్ అన్నారు గానీ చేతిలోంచి టెస్టరు మాత్రం పోలేదు. ఉండేది అల్ వక్రాలో కంపెనీ ఇచ్చిన గదిలో. నేనుండేది మదీనత్ ఖలీఫాలో, ఒక విల్లాని అయిదు ముక్కలు చేసి అద్దెకిచ్చిన దాంట్లో ఒక ముక్కలో. నా పేరు రాజ్ కిరణ్, మాది గుడివాడ పక్క. ఆఫీసులో డాక్యుమెంట్ కంట్రోలర్ని, అంటే కాయితాలు తప్పిపోకుండా కాపలా కాసేవాణ్ణి. శుక్రవారం మా తెలుగు ఆరాధనలో గిటారు వాయిస్తాను. బాగానే వాయిస్తానని నా నమ్మకం.

ఆ నమ్మకానికి ఆయన నిరుడు చలికాలంలో చిల్లు పెట్టాడు. ఆరాధన అయ్యాక కుర్చీలు సర్దుతుంటే దగ్గరికొచ్చి, "కిరణూ, ఏమీ అనుకోవద్దు నాయనా. అది గిటారులా లేదు, సీసాలో పెట్టిన తుమ్మెదలా ఉంది" అన్నాడు.

నాకు మండింది. "నా గిటారు మంచిదే అన్నయ్యా. ఆ యాంప్లిఫయరే అంత."

"నేనూ అదే అంటున్నా. దాంట్లో వాల్వులేవీ?"

వాల్వులు! ఆ మాట విని ఎన్నేళ్ళయింది. ఇప్పటి పిల్లలు ట్యూబులంటారు, ఇంటర్నెట్లో చూసి. మా చిన్నప్పుడు ఊళ్ళో మైకుసెట్టు పెట్టె వెనకాల అవి నారింజ రంగులో మెల్లగా వెలిగేవి. స్విచ్చి వేసిన వెంటనే మైకు పలికేది కాదు. అర నిమిషం ఆగాలి. పాస్టరుగారు బైబిలు తెరిచి పట్టుకుని నిలబడేవారు, ఆడవాళ్ళు ముసుగులు సర్దుకునేవారు, ఎవరో ఒక తాతగారు దగ్గేవారు. అప్పుడు పెట్టెలోంచి 'ఊ' అని ఒక మూలుగు వచ్చేది. హమ్మయ్య, మైకు వేడెక్కింది అనుకునేవాళ్ళం. ఆ అర నిమిషం నాకు ఎంత ఇష్టమో ఈ వయసులో తెలిసింది. ఇప్పుడు ప్రతిదీ నొక్కగానే మోగుతుంది, నొక్కకపోయినా మోగుతుంది.

"నేను కడతాను నీకు వాల్వు యాంప్లిఫయర్" అన్నాడు సత్యవేదం. "మా నాన్న కట్టేవాడు."

మూడేళ్ళ స్నేహంలో తండ్రి గురించి ఆయన నోట వినడం అదే మొదలు. తరవాత వారం వారం కాస్త కాస్త చెప్పాడు. ఇక్కడ నేను ఒకేసారి చెప్పేస్తాను.

తండ్రి పేరు ఆశీర్వాదం. మైకుసెట్టు ఆశీర్వాదం అంటే ఆ కాలవ పొడుగునా తెలుసు. చదివింది అయిదో తరగతి. నర్సాపురంలో ఒక రేడియో మెకానిక్కు దగ్గర పని నేర్చుకుని యాంప్లిఫయర్లు సొంతంగా కట్టేవాడు. అందులో పవర్ ట్రాన్స్‌ఫార్మరు కూడా తనే చుట్టేవాడు, ఇంటి అరుగు మీద కూర్చుని, పెదాలు కదుపుతూ చుట్లు లెక్కపెడుతూ. ఆ లెక్క మధ్యలో పలకరిస్తే మటుకు మంచివాడు కాదు. అలా చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ గుళ్ళకి పదకొండు పెట్టెలు కట్టిచ్చాడు. వాళ్ళ వైపు చర్చిని కూడా గుడి అనే అంటారు. క్రిస్మస్‌కి ఒకాయన గిటారు తెచ్చి ఆ పెట్టెకే తగిలించి వాయించేవాడట. సత్యవేదానికి గిటారంటే ఆ మోతే.

సత్యవేదానికి అప్పుడు పదహారో ఏడు, ఐటీఐలో చేరి నాలుగు నెలలు. ఆ డిసెంబరులో పెట్టెలు ఒకటొకటిగా కాలడం మొదలైంది. ఈ ఊళ్ళో ఒకటి, ఆ ఊళ్ళో ఒకటి. పండగ ముందు ఆదివారం సొంత ఊరి గుళ్ళో, ఆరాధన నడుస్తుండగా, పెట్టెలోంచి పొగొచ్చింది. పాట ఆగిపోయింది. అందరూ ఆశీర్వాదం వైపు చూశారు. ఆయన పెట్టె మీద చెయ్యేసి, "కరెంటు మారింది బాబూ" అన్నాడు కొడుకుతో.

కొడుకు లేచి నిలబడి, గుడి మొత్తం వినేలా, "చేతగాని ప్రతివాడూ కరెంటు మీదే నెడతాడు. నీకు లెక్క రాదు నాన్నా. వచ్చీ రాని పని ఎందుకు చేస్తావు?" అన్నాడు. జనం నవ్వారు. ఆశీర్వాదం మళ్ళీ ట్రాన్స్‌ఫార్మరు చుట్టలేదు. రైసుమిల్లులో మోటారు దగ్గర కాపలా పనికి కుదిరి, తొమ్మిదేళ్ళు చేసి పోయాడు. కొడుకుని ఒక్క మాట అనలేదట.

"అంటే బావుండేది" అన్నాడు సత్యవేదం నాతో.

నాతో ఈ మాటలకి ముందు, పోయిన సెలవులో సత్యవేదం ఇంటికెళితే అటక మీద ట్రంకు పెట్టెలో ఒక ట్రాన్స్‌ఫార్మరు దొరికింది. పన్నెండో పెట్టె కోసం ఆశీర్వాదం చుట్టి, వాడకుండా వదిలేసింది. రాగి ఉందని తమ్ముడు పాత సామాన్లవాడికి వేయబోతుంటే ఈయన లాక్కున్నాడు. నాలుగు కిలోలు. భార్య మేరీ కట్టిచ్చిన ఆవకాయ, ఎండు రొయ్యలు తీసి పక్కన పెట్టి, దాన్ని లుంగీలో చుట్టి సూట్‌కేసులో పెట్టుకున్నాడు. దోహాలో దిగాక సూట్‌కేసు తెరిపించి కస్టమ్స్ కుర్రాడొకడు "ఎష్ హాదా?", ఇదేంటి, అని అడిగాడట. ఇరవై నాలుగేళ్ళ అరబ్బీ అంతా ఆ క్షణాన ఎగిరిపోయి, "బాబా... మాల్ బాబా" అన్నాడట, మా నాన్నది అని. ఆ కుర్రాడు ఏమనుకున్నాడో గానీ మూత వేసి పంపించేశాడు.

అయితే అది గదిలో మంచం కింద పడి ఉంది. యాంప్లిఫయరుకి మాత్రం ఈయన కొత్త ట్రాన్స్‌ఫార్మరు వెతకడం మొదలుపెట్టాడు!

వెతకడమంటే మామూలు వెతకడమా. పెళ్ళిసంబంధాలకి కూడా ఎవరూ అంత ఆరా తీయరు. నాకు అర్థమైనంత వరకు, పవర్ ట్రాన్స్‌ఫార్మరంటే ఆ పెట్టెకి అన్నం పెట్టే తల్లి. గోడలోంచి వచ్చే కరెంటు తీసుకుని ఒక్కో వాల్వుకి ఏది కావాలో అది వడ్డిస్తుంది. వేడెక్కడానికి ఆరు వోల్టుల చిల్లర, పాడటానికి మూడొందలకి దగ్గర. ఎక్కువ పెడితే వాల్వు చస్తుంది, తక్కువైతే నోరు లేవదు. ఈయన దొరకబుచ్చుకున్న యాంప్లిఫయరు నక్షా అమెరికావాళ్ళది. వాళ్ళ గోడలో నూట ఇరవై వోల్టులు, మన దోహా గోడలో రెండొందల నలభై. ఆ ట్రాన్స్‌ఫార్మరు తెచ్చి ఇక్కడ గుచ్చితే గదిలో పొగే. కరెంటు సెకనుకి కొట్టుకునే సైకిల్సు కూడా వాళ్ళవి అరవై, ఇక్కడ యాభై, అందుకని ఇనుము ఇంకా దండిగా ఉండాలట. ఇంకొకటి చవకరకం, బరువు చూసి వద్దన్నాడు. "కిలోంబావు ఏంటి? లోపలి ఇనప రేకులు దొంగిలించారు" అన్నాడు. ఢిల్లీ నుంచి ఒకడు చుట్టి పంపిస్తానన్నాడు, వాడికి ఫోన్లో పధ్నాలుగు ప్రశ్నలు వేస్తే వాడు ఎత్తడం మానేశాడు.

ఇలా రెండు నెలలు. ఒక శుక్రవారం మధ్యాహ్నం అల్ వక్రాలో ఆయన గదిలో నేనూ ఖాసీమూ కూర్చున్నాం. ఖాసీంది కడప జిల్లా. మొదట అల్ షహానియాలో ఒంటెల దగ్గర చేసి, ఇప్పుడు మా వీధిలోనే ఒక ఖతారీ ఇంట్లో డ్రైవరు. నన్ను బండిలో తెచ్చింది వాడే. కాలికి తగిలిందని మంచం కిందనుంచి ట్రాన్స్‌ఫార్మరు లాగి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏందన్నా ఇది, ఇంత బరువుండాది?"

చెప్పాం.

"ఇది పెట్టుకోని ఊరంతా తిరగతాండావా? దీన్నే బిగించు."

"అది పనికిరాదు ఖాసీం. మా నాన్న లెక్క తప్పు."

"కొలిచినావా?"

సత్యవేదం టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు.

"చేతిలో మీటరు పెట్టుకోని కొలవలేదా? నీకు భయమేస్తాంది అన్నా" అన్నాడు ఖాసీం, మామూలుగా, టీ చల్లారిపోయిందన్నట్టు.

నాకు కోపం వచ్చింది గానీ వాడన్నది నిజం. నిజమని సత్యవేదం ముఖం చూస్తే తెలుస్తోంది. ఆ ట్రాన్స్‌ఫార్మరు తప్పని తేలితే తండ్రి చేతగానివాడని తన చేత్తో తేల్చినట్టు. ఒప్పని తేలితే గుడి నిండా జనం ముందు ఆ మనిషి పని పోగొట్టింది తను. ఎటు తేలినా బతికినన్నాళ్ళూ మోయాలి. తేల్చకపోతే నయం. అందుకే మంచం కింద.

చివరికి ఇంగ్లండు నుంచి ఒకటి తెప్పించాడు. రెండొందల నలభై, యాభై సైకిల్సు, అన్నీ కాయితం మీద రాసినట్టు. పాత ప్యానెల్ తలుపు కోసి డబ్బా చేశాడు, వాల్వులు బిగించాడు, నీటుగా వైర్లు కట్టాడు. నేను గిటారు తగిలించాను. చక్కగా పలికింది. నేను ఎగిరి గంతేశాను. ఆయన తల వంచుకుని విని, "బావుంది. మరీ శుభ్రంగా ఉంది. ఇది కాదు" అన్నాడు.

"ఇంకేం కావాలి అన్నయ్యా నీకు?" అని అరిచాను. అరవొద్దా మరి, అయిదు నెలలు.

ఆయన మంచం కిందకి వంగాడు. ట్రాన్స్‌ఫార్మరు బల్ల మీద పెట్టి, రెండు వైర్లు గోడకి కలిపి, మీటరు పెట్టాడు. అంతసేపూ నన్ను చూడలేదు. వాల్వు వేడెక్కే చోట ఆరూ పాయింటు మూడు ఉండాలి. ఎనిమిదిన్నర చూపించింది. పాడే చోట రెండొందల ఎనభైకి మూడొందల డెబ్బై ఏడు. నిమిషంలో వైండింగు, అంటే చుట్టిన తీగ, వేడెక్కి వార్నీషు వాసన వేసింది. ప్లగ్గు పీకేశాడు.

"చూశావుగా" అన్నాడు. "తప్పే."

మెట్రో ఎక్కి ఇంటికొచ్చేశాను. ఆ మనిషి ముఖం చూస్తే తండ్రి మళ్ళీ పోయినట్టుంది.

మంగళవారం ఆఫీసులో ఉండగా ఫోను. ఆయన డ్యూటీ టైములో ఎప్పుడూ చెయ్యడు. "కిరణూ, సాయంత్రం రా" అన్నాడు. గొంతు బాగాలేదు. ఖాసీం తన యజమానిని, వాళ్ళ బాబాని, అడిగి బండి తెచ్చాడు, ఇద్దరం వెళ్ళాం.

బల్ల మీద ట్రాన్స్‌ఫార్మరు, పక్కన విప్పిన కాటన్ టేపు చుట్ట. ఆ వేడికి టేపు ఊడిపోతే మళ్ళీ చుడదామని విప్పాడట. పనికిరానిదానికి టేపెందుకో నేను అడగలేదు. టేపు కింద, వైండింగు మీద, ఒక కాయితం. చుట్టేవాళ్ళు పొరకీ పొరకీ మధ్య కాయితం వేస్తారు, ఆశీర్వాదం మాత్రం పైపొరకి ఏ కాయితమూ కొనలేదు. రూళ్ళ నోటుపుస్తకంలోంచి ఒక పేజీ చించి చుట్టేశాడు. పసుపు పచ్చగా మాగిపోయింది. నీలం సిరా, గుండ్రటి పెద్ద అక్షరాలు.

'గుళ్ళో కరెంటు' అని పైన రాసి ఉంది. కింద వరస. నవంబరు 3, రాత్రి 7 గంటలు, 176. నవంబరు 5, 181. నవంబరు 10, 174. అలా నెల పొడుగునా, గుడి తలుపు తీసిన ప్రతి సాయంత్రం వెళ్ళి మీటరు పెట్టి కొలిచాడు. కింద రెండు గీతలు కొట్టి, 'సగటు 178. దీనికే చుట్టాలి.' ఇంకా కింద, సందులో ఇరికించి రాశాడు. 'సబ్‌స్టేషన్ వస్తే అన్నీ విప్పి తిరగ చుట్టాలి. అప్పటికి సత్యం సాయం ఉంటాడు.'

ఖాసీంకి నేను చదివి వినిపించాను. చివరి వాక్యం చదవలేకపోయాను.

మా ఊళ్ళోనూ అంతే కదా, నాకెందుకు తట్టలేదు! సాయంత్రం ఏడయ్యిందంటే బల్బు లోపలి తీగ ఎర్రగా కనపడేది, ఆ వెలుతురులోనే హోంవర్కు. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. రెండొందల ముప్పై అని పుస్తకంలో ఉండేది, గోడలో ఉండేది కాదు. ఆశీర్వాదం పుస్తకానికి చుట్టలేదు, ఉన్న కరెంటుకి చుట్టాడు. ఆ డిసెంబరులో చెప్పాపెట్టకుండా సబ్‌స్టేషన్ మొదలై నిండు కరెంటు వచ్చింది. అంతే, పెట్టెలన్నీ కాలాయి.

"కరెంటు మారింది బాబూ అన్నాడురా" అన్నాడు సత్యవేదం. "అదే అన్నాడు. ఇంకేం చెప్పాలి ఆయన?" ఏడ్చాడు. యాభై రెండేళ్ళ మనిషి అలా ఏడిస్తే ఎక్కడ చూడాలో తెలీదు. ఖాసీం లేచి టీ పెట్టాడు.

టీ తాగాక సత్యవేదం కంపెనీ స్టోరులోంచి తెచ్చిన డిమ్మర్‌స్టాట్ బల్ల మీదకి తీశాడు. గోడలో ఎంత ఉన్నా, మరతిప్పి మనకి కావలసినంతే ఇచ్చే పెట్టె అది. నూట డెబ్బై ఎనిమిది దగ్గర ఆపి, మీటరు నా చేతికిచ్చాడు. "నువ్వు చదువు. నేను చూడను."

"ఆరూ పాయింటు మూడు" అన్నాను.

"రెండో వైపు?"

"రెండొందల ఎనభై."

"ఎంత వేడిగా ఉంది?"

చెయ్యి వేశాను. చల్లగా ఉంది.

ఇంగ్లండుది విప్పేశాడు. వెతికి వెతికి, బేరాలాడి, నన్ను చంపుకుతిని తెప్పించిన దాన్ని! ఊడిన స్క్రూలు నేనే పట్టుకున్నాను. కానీ ప్రతి వారం గుడికి కంపెనీ డిమ్మర్‌స్టాట్ మోయలేం కదా. దోహా కరెంటుని కాలవగట్టు కరెంటు చేసే చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఇంకొకటి ముందు పెట్టాలి. అలాంటిది ఎక్కడా దొరకదు. నూట డెబ్బై ఎనిమిది ఎవరిక్కావాలి ఈ లోకంలో?

"నేను చుడతాను" అన్నాడు.

ఎలక్ట్రీషియన్‌గా ముప్పై ఏళ్ళు పైన చేసి, ఆయన ఒక్క ట్రాన్స్‌ఫార్మరు చుట్టలేదు. చుట్టనని ఒట్టు పెట్టుకున్నాడో ఏమో. మూడు శుక్రవారాలు పట్టింది. నేను వెళ్ళేసరికి గుమ్మం ఎదురుగా కూర్చుని, తీగ వేళ్ళ మధ్య పట్టుకుని, పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటున్నాడు. "అన్నయ్యా" అన్నాను. గుడ్లురిమి చూశాడు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. పైపొరకి తనూ ఒక కాయితం చుట్టాడు. ఏం రాశాడో చూపించలేదు.

మా ఆరాధనలో వాక్యానికి ముందు సాక్ష్యాలు ఉంటాయి. ఎవరికి మేలు జరిగితే వాళ్ళు లేచి చెబుతారు. వీసా వచ్చిందని, జ్వరం తగ్గిందని, పిల్లకి సీటొచ్చిందని. సత్యవేదం ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారీ లేవలేదు. కరెంటు పనుంటే లేస్తాడు, అంతే.

ఆ శుక్రవారం ఖాసీం పెట్టెని లోపలిదాకా మోసిచ్చి, తలుపు దగ్గర నిలబడ్డాడు. పాట మొదలుపెట్టాలి. సత్యవేదం స్విచ్చి వేశాడు. ఎర్ర లైటు వెలిగింది, చప్పుడు లేదు. ముందు వరసలో మా అమ్మాయి ఫెబి, ఎనిమిదేళ్ళది, "పాడైపోయిందా పెదనాన్నా?" అంది. పాస్టరుగారు వాచీ చూసుకున్నారు. వెనక కూర్చున్న పెద్దవాళ్ళలో ఇద్దరు ముగ్గురు మాత్రం నవ్వుకున్నారు, తెలిసి.

ఆ అర నిమిషంలో సత్యవేదం లేచి నిలబడ్డాడు. మైకు లేదు.

"అందరికీ వందనాలు. మా నాన్న పేరు మైకుసెట్టు ఆశీర్వాదం. మీకెవరికీ తెలీదు. మా ఊరి గుళ్ళో, అందరి ముందూ, ఆయనకి లెక్క రాదన్నాను. అందరూ నవ్వారు. ఆయన లెక్క ఒప్పు. తప్పు నాది. ఈ మాట ఆ గుళ్ళో చెప్పాలి. కానీ అప్పుడు నవ్వినవాళ్ళు ఇప్పుడు లేరు, ఆయనా లేడు. అందుకని మీకు చెబుతున్నాను."

అప్పుడు పెట్టెలోంచి 'ఊ' అని మూలుగు మొదలైంది.

"వేడెక్కింది. వాయించు" అన్నాడు నాతో.

వాయించాను. గట్టిగా కొడితే కొంచెం కుంగి, ఊపిరి తీసుకుని మళ్ళీ లేస్తోంది. ఆశీర్వాదం సన్నతీగ వాడాడు, అందుకని. నాకు చిన్నప్పటి పెట్రోమాక్స్ వాసన, తడి గడ్డి వాసన వచ్చాయి, దోహాలో, ఏసీ హాల్లో. జనం పాట అందుకున్నారు. సత్యవేదం పాడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, వంగి, ట్రాన్స్‌ఫార్మరుకి చెవి ఆనించాడు. ఏ బోర్డుకైనా రెండు క్షణాలు ఆనించి తప్పు చెప్పే మనిషి. పాట నాలుగు చరణాలూ అయిపోయేదాకా లేవలేదు.